తెర మీది కుక్కకు ప్రాణం ఎక్కడ పోస్తారు?

కుక్క చనిపోయే సన్నివేశం రాయడం కష్టమేమీ కాదు. అది చూసి హాల్లో పెద్దవాళ్లు కూడా కళ్లు తుడుచుకోవాలంటే మాత్రం, అసలు పనంతా అంతకుముందు అరగంటలోనే జరిగిపోయి ఉండాలి. పెంపుడు కుక్క మీద వచ్చే కుటుంబ యానిమేషన్ సినిమాల్లో కొన్ని గుండెను పట్టేస్తాయి. కొన్ని చూడ్డానికి ముచ్చటగా ఉండి కూడా ఇంటికి చేరేలోపే మర్చిపోయేలా ఉంటాయి. తేడా కథలో ఉందనుకుంటాం. కథ సంగతి తర్వాత చూద్దాం. ముందు చూడాల్సింది ఆ కుక్క ఎలా నిలబడింది, ఎలా ఊపిరి తీసింది, పిల్లవాడి చెయ్యి మెడ మీద పడినప్పుడు దాని బొచ్చు ఎలా అణిగింది అన్నవి. మామూలు సినిమాకు నిజం కుక్కను తెస్తే ఇవన్నీ దానితోపాటే వచ్చేస్తాయి. యానిమేషన్‌లో చెవి కదలాలన్నా ఎవరో ఒకరు కూర్చుని, ఎన్నో ఫ్రేములో కదలాలో తేల్చాలి.

మాట్లాడాలా, వద్దా

మిగతా అన్నిటినీ శాసించే మొదటి నిర్ణయం ఇదే. స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకటి, జంతువులు తమలో తాము మాట్లాడుకుంటాయి గానీ మనుషులకు మొరుగుడే వినిపిస్తుంది. 1955లో వచ్చిన ‘లేడీ అండ్ ద ట్రాంప్’ ఈ దారిలోనే నడిచి, దానికి తగ్గట్టు కెమెరాను కూడా కుక్క కంటి ఎత్తుకు దించింది. చాలా షాట్లలో మనుషుల కాళ్లూ చేతులూ కనిపిస్తాయి తప్ప ముఖాలు ఫ్రేము పైనే ఉండిపోతాయి. రెండోది, కుక్క మనుషులతోనే మాట్లాడేయడం. హాస్యానికి పనికొస్తుంది. మూడోది, అసలు మాట్లాడకపోవడం.

కన్నీళ్లు ఎక్కువగా ఈ మూడో దారిలోనే ఉన్నాయని మా అభిప్రాయం. ‘నువ్వంటే నాకు ప్రాణం’ అని కుక్క నోటితో అనేస్తే ప్రేక్షకుడికి ఇక పనేమీ మిగలదు. అదే, పిల్లవాడు విడిచిన చెప్పు మీద తల ఆనించి పడుకుంటే, దాని మనసులో ఏముందో మనమే పూరించుకుంటాం. ఇంట్లో కుక్కను పెంచినవాళ్లు తమ కుక్క మనసునే అక్కడ పెట్టుకుంటారు.

అయితే మాట తీసేస్తే ఆ బరువంతా ఒంటి మీద పడుతుంది. బ్రిటిష్ యానిమేటర్ నిక్ పార్క్ సృష్టించిన మట్టిబొమ్మ కుక్క గ్రోమిట్‌కు నోరే లేదు. మొదట దానికి గొంతు పెట్టాలనుకున్నాడు. తొలి చిత్రం ‘ఎ గ్రాండ్ డే అవుట్’ (1989) తీస్తున్నప్పుడు, నుదురు కాస్త కదిపితే చాలని తేలిపోయాక ఆ ఆలోచన మానుకున్నాడు. ఆ నుదుటికి అంత బలం ఎక్కడిదో 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. కనుబొమ్మ లోపలి కొసను పైకి లాగే చిన్న కండరం కుక్కల్లో బాగా ఎదిగి ఉంటుంది. తోడేళ్లలో ఆ చోట సన్నటి పోగులు మాత్రమే ఉంటాయి. మనిషి పక్కన బతకడం మొదలెట్టాక కుక్క ముఖంలో వచ్చిన మార్పు అది. యానిమేటర్లు ఆ సంగతి ప్రయోగశాల చెప్పకముందే చేతితో కనిపెట్టేశారు.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, కనుబొమ్మ మొత్తాన్ని ఎత్తేయడం. అప్పుడు కుక్క ఆశ్చర్యపోయినట్టు కనిపిస్తుంది. లోపలి కొస ఒక్కటే లేవాలి. మూడు నాలుగు ఫ్రేముల్లో లేచి, అర సెకను నిలిచి, లేచినదానికన్నా నెమ్మదిగా దిగాలి. కంటి తెలుపు విషయంలో ఇంకో చిక్కుంది. నిజం కుక్క కంట్లో తెలుపు చాలా తక్కువ కనిపిస్తుంది. అది ఎటు చూస్తోందో ప్రేక్షకుడికి తెలియాలి కాబట్టి బొమ్మ కుక్కకు తెలుపు పెంచుతారు. అంతవరకు సరే. తల ఒకవైపు తిరిగి ఉండి కన్ను మాత్రం వెనక్కి చూస్తూ, మూల తెల్లగా నెలవంకలా కనిపించేలా గీస్తే, కుక్కలతో మసలేవాళ్లకు అది ముద్దుగా తోచదు. అది భయానికీ ఇబ్బందికీ గుర్తు. ‘దాన్ని వదిలెయ్ బాబూ’ అనిపిస్తుంది.

నాలుగు కాళ్ల లెక్క

కుక్క వేళ్ల మీద నడుస్తుంది. వెనక కాలిలో మోకాలు వెనక్కి వంగినట్టు కనిపించే చోటు నిజానికి మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఇది తెలియకుండా ఎముకలు అమర్చితే ఎంత బాగా కదిపినా కుక్క వేషం వేసుకున్న మనిషిలా ఉంటుంది.

మామూలు నడకలో అడుగుల వరస ఇది: ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. నాలుగు విడి తాళాలు. వేగం పెరిగి దుడుకు నడకలోకి వస్తే మూలకు మూల జతకడతాయి. ఎడమ ముందు కాలితో కుడి వెనక కాలు, కుడి ముందు కాలితో ఎడమ వెనక కాలు కలిసి పడతాయి. రెండు తాళాలే. పరుగులో నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం వస్తుంది. గ్రేహౌండ్ లాంటి వేటకుక్కల్లో అది ఒక్కో చుట్టుకు రెండుసార్లు వస్తుంది: ఒళ్లు చాచినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, మధ్యస్థమైన కుక్క నడక ఒక చుట్టు తిరగడానికి 16 నుంచి 20 ఫ్రేములు, దుడుకు నడకకు 11 లేదా 12, పరుగుకు 8 నుంచి 10 పడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, ఒకే పక్క రెండు కాళ్లనూ కలిపి కదపడం. కుక్కలు అలా కూడా నడుస్తాయి, అలిసిపోయినప్పుడు. హుషారుగా ఉండాల్సిన కుక్క అలా నడిస్తే ఒంటె గుర్తొస్తుంది.

అంతకన్నా సూక్ష్మమైనది భుజం. కుక్కకు మనలాంటి కాలర్ ఎముక లేదు. ముందు కాళ్లు మొండేనికి ఎముక కీలుతో కాకుండా కండరాలతోనే వేలాడతాయి. అందుకే నడుస్తున్నప్పుడు భుజఫలకం వీపు అంచు దాకా లేచి దిగుతుంది. రిగ్‌లో, అంటే బొమ్మను కదిపే లోపలి ఎముకల అమరికలో, దాన్ని తుంటి కీలులాగా ఒక చోట బిగించేస్తే కుక్క కాళ్లు తగిలించిన బల్లలా నడుస్తుంది. ఎక్కడో తేడాగా ఉందని అందరికీ అనిపిస్తుంది గానీ ఎక్కడో చెప్పలేరు.

ఇదంతా కేవలం శరీరశాస్త్రం కోసం కాదు. పెంపుడు కుక్క కథలో కాలం గడవడమే అసలు కథ, కాలం గడిచినట్టు తెలిసేది నడకలోనే. కూన తల పెద్దది, పాదాలు పెద్దవి. ఆగాలనుకున్న చోట ఆగలేదు, వెనక భాగం ముందుకొచ్చి గుద్దుకుంటుంది. ముసలి కుక్కను చూపాలంటే చాలామంది పాత నడకనే నెమ్మది చేస్తారు. అది నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది తప్ప ముసలిదైనట్టు ఉండదు. చేయాల్సింది అడుగు పొడవు తగ్గించడం. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. వెనక కీళ్లు నొప్పి పుడితే ఇంకాస్త ముందుకు తోస్తుంది. కాబట్టి తల దిగుతుంది, మెడ ముందుకు సాగుతుంది, వెనక కాళ్లు పొట్ట కిందికి వస్తాయి. లేచేటప్పుడు ముందు కాళ్లు నిలబడ్డాక ఒక విరామం, తర్వాత వెనక భాగం ఒక్క ఊపులో. కూర్చునేటప్పుడు తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది. మెట్టు ఎదురైతే ఎక్కేముందు ఒక చూపు. ఆ చూపుకు పన్నెండు ఫ్రేములు చాలు. మూతి చుట్టూ నెరుపు, కంటిపాపలో నీలి మసక కూడా పెడతారు. కానీ నడక మారకుండా మూతి మాత్రం తెల్లబడితే అది మేకప్పే.

తోకది వేరే లెక్క. నాలుగైదు ఎముకలుగా విడదీసి, కదలికను మొదలు దగ్గరే పుట్టించి, ఒక్కో ఎముకకూ రెండు మూడు ఫ్రేములు ఆలస్యం ఇస్తే కొస దానంతట అదే కొరడాలా వస్తుంది. నిజంగా సంతోషపడిన కుక్క తోక ఒక్కటే ఊపదు, తుంటి దాకా ఊగుతుంది. నిటారుగా లేచి బిగుసుకుని వేగంగా అల్లాడే తోక ఉద్రేకానికి గుర్తు, ప్రేమకు కాదు. 2007లో ఇటలీ పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు: యజమానిని చూసిన కుక్క తోక దాని కుడివైపుకు ఎక్కువ ఊగుతుంది, ఎదిరించే కొత్త కుక్కను చూస్తే ఎడమవైపుకు. ప్రేక్షకుడు దీన్ని పట్టుకుంటాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. పట్టుకునేది వరస. చప్పుడు వినగానే ముందు చెవి, తర్వాత కన్ను, తర్వాత తల, ఆపైన ఒళ్లు, చివరికి తోక. అన్నీ ఒకే ఫ్రేములో కదిలితే బొమ్మ అని తెలిసిపోతుంది.

కదలకుండా ఉండటం

పడుకున్న కుక్కను యానిమేట్ చేయడం సులువనిపిస్తుంది. కానీ బొమ్మ పూర్తిగా ఆగిపోతే, అంటే నాలుగైదు ఫ్రేముల పాటు ఏమీ మారకపోతే, కంప్యూటర్ యానిమేషన్‌లో అది వెంటనే శవంలా కనిపిస్తుంది. విశ్రాంతిలో ఉన్న కుక్క నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. పదిహేను అనుకుంటే ఒక ఊపిరికి 4 సెకన్లు, అంటే 96 ఫ్రేములు. వాటిని సగం సగం పంచితే గాలిబుడగలా ఉబ్బి తగ్గుతుంది. లోపలికి తీయడానికి ముప్ఫై అయిదు దాకా, వదలడానికి నలభైకి పైన, మిగిలినవి ఏమీ జరగని చిన్న ఆగుడు. పక్కటెముకలు ఎక్కువగా, పొట్ట ఒక ఫ్రేము వెనగ్గా, ముక్కు రంధ్రాలు కనీ కనిపించనట్టుగా కదలాలి. ఆ ఆగుడే ముఖ్యం. కుక్క ఆరోగ్యంగా ఉన్న సన్నివేశాల్లో ఆ విరామానికి ప్రేక్షకుణ్ణి అలవాటు చేస్తే, జబ్బు పడ్డాక దాన్నే పది ఫ్రేములు పొడిగించి గుబులు పుట్టించవచ్చు. వైద్యుడి డైలాగు అక్కర్లేదు.

రొప్పడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కుక్క నిమిషానికి మూడువందల సార్లు కూడా రొప్పగలదు. అంటే ఒక్కో రొప్పుకు ఐదు ఫ్రేములు కూడా ఉండవు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపే పద్ధతిలో ఐదు సరిగ్గా పట్టదు, కదలిక తడబడి మినుకు మినుకుమంటుంది. అందుకే నాలుగుకో ఆరుకో సర్దుతారు. నిజం కన్నా కొంచెం వేగమైనా, నెమ్మదైనా కంటికి అదే సరిగ్గా ఉంటుంది.

బొచ్చు మీద చెయ్యి

పెంపుడు కుక్క సినిమాకు ప్రాణం లాంటి షాట్ ఏదంటే, పిల్లవాడు దాన్ని నిమరడం. కంప్యూటర్ యానిమేషన్‌లో అత్యంత కష్టమైన షాట్లలో అదొకటి. చిన్న సంస్థలు దాన్ని తప్పించుకోవడానికి కెమెరాను పిల్లవాడి వీపు వెనక పెడతాయి, లేదా చెయ్యి కుక్కను తాకే క్షణానికి ముఖాల మీదికి కట్ చేస్తాయి. ఖర్చు మిగులుతుంది. అదే క్షణంలో ఆ ఇద్దరి మధ్య ఉండాల్సిన చనువు కూడా తెగిపోతుంది.

ఎందుకంత కష్టం? కుక్క ఒంటి మీద వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. వాటన్నిటినీ చేత్తో దువ్వలేరు గనక కొన్ని వందలో వేలో దారిచూపే వెంట్రుకలను మాత్రం దువ్వి, మిగతావి వాటి మధ్య లెక్కగట్టి మొలిపిస్తారు. కింద మెత్తటి పొట్టి పొర, పైన బిరుసైన పొడుగు పొర, రెండూ వేరువేరుగా. ఒక్కటే పొర వేస్తే ముఖమల్ గుడ్డలా నిగనిగలాడుతుంది. చెయ్యి పడితే మూడు పనులు ఒకేసారి జరగాలి. వెంట్రుకలు వేళ్ల కింద అణగాలి, వాటి కింది చర్మం కాస్త జరగాలి, వేళ్ల సందుల్లోంచి కొన్ని వెంట్రుకలు పైకి రావాలి. మొదటిదొక్కటే చేస్తే చెయ్యి బొచ్చు మీద జారుతున్నట్టుంటుంది, బరువుండదు. అందుకే ముందు బోడి కుక్క మీదే చేతి కదలిక పూర్తి చేసి, చర్మాన్ని నొక్కి, ఆ తర్వాత చేతిని అడ్డంగా పెట్టి బొచ్చు లెక్క నడుపుతారు. అప్పటికీ వేళ్లలోంచి పొడుచుకొచ్చిన వెంట్రుకలను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో సర్దుతారు. మెడపట్టీ ఇంకో తలనొప్పి. తల తిప్పిన ప్రతిసారీ బొచ్చు పట్టీలోంచి దూసుకొస్తుంది. పట్టీ కింద బొచ్చును ముందే పొట్టిగా కత్తిరించి పెట్టడం అందరూ వాడే ఉపాయం.

చేతితో గీసే రోజుల్లో బాధ వేరే. 1961లో ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’ తీసినప్పుడు, గీసిన గీతను నేరుగా సెల్ అనే పారదర్శక షీటు మీదికి దించే జెరాక్స్ పద్ధతి లేకపోతే అన్ని మచ్చల కుక్కలను తెరకెక్కించడం సాధ్యమయ్యేది కాదు. మొత్తం మచ్చలు 64,69,952 అని స్టూడియో గొప్పగా ప్రకటించుకుంది. ఎవరు లెక్కపెట్టారో మరి.

స్టాప్ మోషన్‌లో, అంటే నిజమైన బొమ్మను కొంచెం కొంచెం కదిపి ఫొటోలు తీసే పద్ధతిలో, బొచ్చును తాకడమే ప్రమాదం. యానిమేటర్ వేళ్లు తగిలిన చోటల్లా వెంట్రుకలు స్థానం మారి తెర మీద బుసబుసా పొంగుతున్నట్టు కనిపిస్తాయి. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో గొరిల్లా బొచ్చు అలా కదలడానికి కారణం ఇదే. నున్నటి సిలికాన్ చర్మం వేయడం ఒక పరిష్కారం. పొట్టి బొచ్చు వాడి, కనబడని చోట పట్టుకోవడం ఇంకొకటి. 2018లో ‘ఐల్ ఆఫ్ డాగ్స్’ ఆ పొంగును దాచకుండా అందంగానే వాడుకుంది.

బొమ్మ లోపల ఉక్కు గోళాల కీళ్లున్న ఆర్మేచర్ అనే అస్థిపంజరం ఉంటుంది. దాన్ని నేలకు పాదం కింది మరతో బిగిస్తారు. మనిషి బొమ్మకు రెండు పాదాలు, కుక్కకు నాలుగు. అడుగడుగునా విప్పాలి, బిగించాలి, నేలలో పడిన రంధ్రాన్ని పూడ్చాలి. పైగా కుక్క అన్నిటికన్నా చిన్నది. దాని కాలిలో కీలు పట్టేంత పరిమాణం ఉండాలంటే మనుషుల బొమ్మలూ ఇళ్లూ అన్నీ ఆ లెక్కకు పెరగాలి. ఎనభై ఏడు నిమిషాల సినిమాకు 1,25,280 ఫ్రేములు. ఒక యానిమేటర్ వారమంతా పనిచేస్తే తెర మీద వచ్చేది కొద్ది సెకన్లే.

గోళ్ల చప్పుడు, మెడ బిళ్ల చప్పుడు

ధ్వనికి దక్కాల్సినంత పేరు దక్కదు. కుక్క గొంతు చాలాసార్లు మనిషిదే. 2012 నాటి ‘ఫ్రాంకెన్‌వీనీ’లో స్పార్కీ అనే కుక్క మూలుగులూ మొరుగుళ్లూ పలికించినది ఫ్రాంక్ వెల్కర్. నిజం కుక్క అరుపు రికార్డు చేసి అతికిస్తే, అరుపు బాగుంటుంది గానీ భావం సందర్భానికి అతకదు. అందుకే నటుడి గొంతుకు నిజం అరుపులు కలుపుతారు.

అసలు పని చేసేవి మాత్రం చిన్న చప్పుళ్లు. గచ్చు మీద గోళ్ల టకటక, మెడపట్టీకి వేలాడే బిళ్ల గలగల, నీళ్లు తాగేటప్పుడు నాలుక చప్పుడు. వీటిని ముందు సన్నివేశాల్లో కనీసం మూడుసార్లు, కుక్క తెర మీద లేనప్పుడు కూడా వినిపించాలి. అప్పుడు పిల్లవాడితోపాటు మనకూ ‘అదిగో వస్తోంది’ అని అలవాటవుతుంది. చావు తర్వాత ఆ చప్పుడు లేని గదిని చూపితే చాలు. సంగీతం ఇక్కడే తొందరపడి పాడుచేస్తుంది. పిల్లవాడికి విషయం అర్థం కాకముందే వయొలిన్లు మొదలైతే, ఏడవమని ఆజ్ఞ ఇచ్చినట్టుంటుంది, ప్రేక్షకుడు మొండికేస్తాడు.

ప్రేమను ఎలా పోగేస్తారు

ఇప్పుడు కథ. కుక్క మీద ప్రేమ పుట్టించడానికి రచయితలు ఎక్కువగా పట్టుకునేది వీరత్వం: నీళ్లలో పడిన పిల్లను కాపాడటం, దొంగను పట్టుకోవడం. అలాంటి కుక్కను మెచ్చుకుంటాం గానీ అది మన ఇంటిది అనిపించదు. ఇంటి కుక్క చెత్తబుట్ట తిరగేస్తుంది, వద్దన్న సోఫానే ఎక్కుతుంది, స్నానమంటే మంచం కింద దూరుతుంది. దాని తప్పుల్లో ఒకదాన్ని ఎంచుకుని ఆనవాయితీగా మార్చాలి. మొదటిసారి అది నవ్వు పుట్టిస్తుంది. రెండోసారి దానికి పిల్లవాడు ఇచ్చే జవాబు కూడా కుదురుతుంది, అంటే ఇద్దరి మధ్య ఆట అవుతుంది. మూడోసారి ఒకరు ఆట మొదలెడతారు, ఇంకొకరు జవాబివ్వరు. రెండోసారి సరిగ్గా పడకపోతే మూడోది పేలదు. తీసేసిన సన్నివేశాల్లో తరచూ ఆ రెండోదే ఉంటుంది, ‘ఇది ముందే చూపించాం కదా’ అని.

చనిపోయిన కుక్క తిరిగొచ్చే కథలో ఇంకో ముడి ఉంది. టిమ్ బర్టన్ 1984లో నిజం నటులతో చేసిన లఘుచిత్రాన్నే 2012లో నలుపు తెలుపు స్టాప్ మోషన్‌గా ‘ఫ్రాంకెన్‌వీనీ’ పేరుతో మళ్లీ తీశాడు. విక్టర్ అనే అబ్బాయి, కారు గుద్ది చనిపోయిన కుక్కను మెరుపు కరెంటుతో బతికిస్తాడు. తిరిగి రావడం అంత తేలికైతే చావుకు విలువేముంది? ఆ సినిమా దీనికి ఒంటితోనే జవాబు చెబుతుంది. తిరిగొచ్చిన స్పార్కీ కుట్లతో ఉంటుంది, తోక సంతోషంగా ఊపితే ఊడిపడుతుంది. కుక్క అదే, మనసు అదే, ఒళ్లు మాత్రం అప్పుగా తెచ్చుకున్నది. ప్రతి నవ్వులోనూ పోయినదాని గుర్తు ఉంటుంది కాబట్టి కథ తేలిపోదు. ఏ గుర్తూ లేకుండా కుక్కను కొత్తదానిలా లేపేసే సినిమాలు అక్కడే జారిపోతాయి.

పిల్లలకు చూపించేవారు ఒకటి గమనించాలి. చనిపోయినవాళ్లు తిరిగి రారన్న సంగతి చాలామంది పిల్లలకు ఐదు, ఏడేళ్ల మధ్య స్థిరపడుతుంది. అంతకన్నా చిన్నవాళ్లు ‘నిద్రపోయింది’ అన్న మాటను అక్షరాలా నమ్ముతారు, కొందరు నిద్రకే భయపడతారు. కాబట్టి ఆ మాట సినిమాలో వచ్చినా, ఇంట్లో మాత్రం ‘చనిపోయింది, దాని ఒళ్లు ఇక పనిచేయదు’ అని సూటిగా చెప్పాలి. ఈమధ్యే కుక్కను పోగొట్టుకున్న ఇంట్లో, కుక్క తిరిగొచ్చే కథకన్నా ముసలిదై వెళ్లిపోయే కథ మేలు. మొదటి రకం చూసిన పిల్లలు మర్నాడు ‘మనదాన్ని కూడా లేపుదామా’ అని అడుగుతారు. లేదు, అది సినిమాలోనే అవుతుంది అని చెప్పి, వాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడిగితే అదే జవాబు మళ్లీ చెప్పాలి.